ఎవియాన్‌కు 32 దేశాలు వచ్చాయి. అయినా యూదులకు చోటెందుకు దొరకలేదు?

అడిగిన ప్రశ్న: "1938లో ఎవియాన్ సమావేశానికి 32 దేశాలు వచ్చి, యూదు శరణార్థుల మీద జాలి చూపించి, ఎవరినీ తీసుకోకుండా వెళ్లిపోయాయని చదివాను. నిజంగా ఎవరూ తీసుకోలేదా? అప్పుడు మన దేశం ఏం చేసింది? గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను."

డిగ్రీ కాలేజీలో ఆధునిక ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. సాయంత్రాలు పోటీ పరీక్షల వాళ్లకు క్లాసులు తీసుకుంటాను. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, ఇంచుమించు ఇవే మాటల్లో. అందుకని ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

ఎవరూ తీసుకోలేదన్నది తప్పు. అవసరమైనంత మందిని, అవసరమైన సమయానికి తీసుకోలేదన్నది ఒప్పు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీలో యూదులు 5 లక్షల పైచిలుకు. యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు నాటికి వాళ్లలో దాదాపు 2,82,000 మంది దేశం దాటారు. 1938 మార్చిలో జర్మనీ కలిపేసుకున్న ఆస్ట్రియా నుంచి ఇంకో 1,17,000 మంది బయటపడ్డారు. వీళ్లలో 95 వేల మంది అమెరికా చేరారు, 60 వేల మంది పాలస్తీనా, 40 వేల మంది బ్రిటన్, 75 వేల మంది దక్షిణ, మధ్య అమెరికా దేశాలు. ఇవి చిన్న సంఖ్యలేం కావు. కానీ 1939 నడిమికి అమెరికా వీసా కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్న వాళ్లు 3 లక్షలకు పైనే. ఏడాదికి ఇచ్చేది 27 వేల చిల్లర. లెక్క మీరే వేసుకోండి.

ఇక "ఎందుకు" అన్నదానికి చాలామంది విద్యార్థులు "యూదు ద్వేషం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ద్వేషం ఉంది, కాదనను. కానీ పేపర్ దిద్దేటప్పుడు ఆ ముక్కకు నేను పెద్దగా మార్కులు వెయ్యను. అప్పటికే చట్టాల్లో ఉన్న మామూలు రూల్స్‌ను ఉన్నవి ఉన్నట్టు, అవసరమైతే కాస్త బిగించి అమలు చెయ్యడం సరిపోయింది. చాలా దేశాలు కొత్తగా ఏ క్రూరమైన చట్టమూ చెయ్యాల్సిన పని పడలేదు.

ఇది అర్థం కావడానికి క్లాసులో ఒక పని చేయిస్తాను. బోర్డు మీద ఒక మనిషిని రాస్తాను: వియన్నాలో నలభై ఏళ్ల యూదు డాక్టరు, భార్య, ఇద్దరు పిల్లలు, 1938 ఏప్రిల్. "ఈయన్ని కుటుంబంతో సహా బయటికి పంపండి" అంటాను. ఆ డాక్టరు నా కల్పన. ఆయనకు అడ్డుపడే కాగితాలు మాత్రం కల్పన కావు.

పిల్లలు మొదట అనేది అమెరికా. సరే, పదండి. 1924 చట్టం ప్రకారం ఏ దేశంలో పుట్టినవాళ్లకు ఏడాదికి ఎన్ని వీసాలన్నది ముందే తేల్చేశారు. జర్మనీ, ఆస్ట్రియా రెండూ కలిపి 27,370. పోలండ్‌లో పుట్టినవాళ్లకు 6,524. రుమేనియాలో పుడితే 377. మీరు ఎక్కడ బతుకుతున్నారన్నది కాదు, ఎక్కడ పుట్టారన్నదే లెక్క. అందులో శరణార్థి అన్న గడి అసలు లేదు. ప్రాణభయంతో పారిపోయే వాడైనా, వ్యాపారం కోసం వెళ్లే వాడైనా ఒకటే క్యూ.

క్యూలో నంబరు వచ్చిందనుకుందాం. అప్పుడు "ప్రభుత్వానికి భారం కాబోడు" అని కాన్సులేట్‌కు నమ్మకం కుదరాలి. 1930లో, ఆర్థిక మాంద్యం నడుస్తుండగా, అప్పటి అమెరికా అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం ఈ నిబంధనను గట్టిగా చూడమని కాన్సుల్స్‌కు చెప్పింది. దానితో అమెరికాలో ఉన్న బంధువు ఎవరైనా అఫిడవిట్ ఇవ్వాలి, తన బ్యాంకు కాగితాలు, టాక్స్ కాగితాలు జతచెయ్యాలి. డాక్టరు గారి సొంత డబ్బు పనికొస్తుందా అంటే, జర్మనీ దాన్ని బయటికి పోనివ్వదు. దేశం వదిలేవాళ్ల ఆస్తిలో నాలుగోవంతు "పారిపోయే పన్ను" కింద పోతుంది. మిగిలింది బ్యాంకులో బిగుసుకుపోతుంది. చివరికి చేతిలో పట్టుకెళ్లగలిగేది 10 మార్కులు. అంటే ఒక ప్రభుత్వం మనిషిని నిరుపేదను చేసి గెంటుతుంది, ఇంకో ప్రభుత్వం నిరుపేదలు రాకూడదంటుంది.

ఇవి కాక జనన ధృవీకరణ పత్రం, పోలీసుల నుంచి సత్ప్రవర్తన సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఎవరు? నాజీ పోలీసులే! తర్వాత ఓడ టికెట్. వీసా చెల్లేది నాలుగు నెలలు. ఒక కాగితం చేతికొచ్చేసరికి ఇంకోదానికి గడువు తీరిపోతుంది, మళ్లీ మొదటికి.

ఈ భాగం మన పిల్లలకు చప్పున ఎక్కుతుంది. స్లాట్, స్టాంపింగ్, స్పాన్సర్, బ్యాంకు బ్యాలెన్స్ అంటూ ఇంట్లో ఎవరో ఒకరు టెన్షన్ పడటం చూసినవాళ్లే కదా అందరూ. కాకపోతే మనవాడికి వీసా రిజెక్ట్ అయితే వచ్చే సెమిస్టర్‌కి మళ్లీ అప్లై చేస్తాడు.

ఇక్కడొక విషయం గుర్తుంచుకోండి, ఎగ్జామినర్ దృష్టిలో పడుతుంది. హిట్లర్ వచ్చిన తొలి ఏళ్లలో జర్మన్ కోటా సగం కూడా నిండలేదు. 1933లోనైతే పదో వంతు కూడా వాడలేదు. కోటా పూర్తిగా వాడింది మొదటిసారి 1939లోనే. కాబట్టి "చట్టం ఒప్పుకోలేదు" అన్న సాకు కూడా పూర్తి నిజం కాదు. చట్టం ఒప్పుకున్నంత వరకూ కూడా వెళ్లలేదు.

తర్వాత పిల్లలు బ్రిటన్ అంటారు. అక్కడ డాక్టరుగా రానివ్వరు. వైద్యుల సంఘాలు అడ్డం. కానీ ఇంటి పనివాళ్ల కొరత ఉంది. ఆ వీసా మీద దాదాపు 20 వేల మంది, ఎక్కువగా ఆడవాళ్లు, వెళ్లారు. మన డాక్టరు గారి భార్య, ఇంట్లో పనిమనిషిని పెట్టుకుని బతికిన ఆవిడ, లండన్‌లో ఎవరింట్లోనో వంటమనిషిగా చేరితే బతికిపోతుంది. 1938 నవంబరు 9, 10 తేదీల్లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, 30 వేల మంది మగవాళ్లను నిర్బంధ శిబిరాలకు తోలాక, బ్రిటన్ పిల్లలకు తలుపు తీసింది. 17 ఏళ్లలోపు పిల్లలు సుమారు 10 వేల మంది వెళ్లారు. మొదటి బృందం డిసెంబరు 2న హారిచ్ రేవులో దిగింది. తలా 50 పౌండ్ల పూచీకత్తు కట్టే షరతు తర్వాత పెట్టారు. తల్లిదండ్రులకు మాత్రం వీసా లేదు. స్టేషన్‌లో పిల్లల్ని రైలెక్కించి ఇంటికెళ్లిన వాళ్లలో చాలామంది మళ్లీ వాళ్లను చూడలేదు. అమెరికాలో ఇలాగే 20 వేల మంది పిల్లల్ని తీసుకుందామని 1939లో వాగ్నర్, రోజర్స్ అనే ఇద్దరు చట్టసభ సభ్యులు బిల్లు పెడితే అది కమిటీ దాటి ఓటింగ్ దాకా రాలేదు.

స్విట్జర్లాండ్ పక్కనే ఉంది కదా అంటారు. 1938 ఆగస్టులో వీసా లేనివాళ్లకు సరిహద్దు మూసేసింది. పాస్‌పోర్టు చూస్తే జర్మన్ ఎవరో, జర్మన్ యూదు ఎవరో తెలియడం లేదని జర్మనీతో బేరాలాడింది. ఆ బేరాల ఫలితమే 1938 అక్టోబరు నుంచి యూదుల పాస్‌పోర్టుల మీద ఎర్రగా "జె" అక్షరం ("యూదు" అనే జర్మన్ మాటకు మొదటి అక్షరం). దాన్ని నాజీల సొంత ఆలోచన అనుకునేవాళ్లే ఎక్కువ.

అదే స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాలెన్ ప్రాంతపు పోలీసు అధికారి పాల్ గ్రూనింగర్ ఏం చేశాడో చూడండి. సరిహద్దు మూయకముందే వచ్చారన్నట్టు పాత తేదీలు వేసి, వందల మందిని లోపల ఉండనిచ్చాడు. 1939లో ఉద్యోగం ఊడింది, పెన్షన్ పోయింది. 1972లో పేదరికంలోనే చనిపోయాడు. కోర్టు ఆయన శిక్షను రద్దు చేసింది 1995లో.

చివరికి క్లాసులో ఎవరో ఒకరు షాంఘై అంటారు. అదే నిజమైన జవాబు. 1937 నుంచి జపాన్ సేనలు చుట్టూ ఉన్నా, షాంఘై రేవులో పాస్‌పోర్టు అడిగేవాడు లేడు. 18 వేల మంది దాకా అక్కడికి చేరారు. దిగడానికి వీసా అక్కర్లేదు. కానీ వియన్నా నుంచి కదలాలంటే "నేను ఫలానా చోటికి వెళ్తున్నాను" అని ఏదో ఒక కాగితం చూపించాలి. శిబిరంలో పడినవాళ్లను విడిపించుకోవడానికీ అదే కావాలి. వియన్నాలో చైనా కాన్సుల్ జనరల్ హో ఫెంగ్‌షాన్, పై అధికారి ఆపమన్నా ఆపకుండా, అలాంటి వీసాలు వేల సంఖ్యలో ఇచ్చాడు. 1939 ఆగస్టు కల్లా షాంఘైలోనూ ఆంక్షలు వచ్చేశాయి.

ఈ కసరత్తు అయ్యాక ఎవియాన్ పాఠం చెబితే వేరేగా వినపడుతుంది.

ఎవియాన్ ఫ్రాన్స్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న విహార పట్టణం. 1938 జులై 6 నుంచి 15 దాకా అక్కడి హోటల్ రాయల్‌లో సమావేశం జరిగింది. పిలిచింది అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్. కానీ జవాబు ఆహ్వానంలోనే రాసి ఉంది: ఏ దేశమూ తన ప్రస్తుత చట్టం అనుమతించిన దానికంటే ఎక్కువ మందిని తీసుకోనక్కర్లేదు. అప్పుడు తన ఏలుబడిలో ఉన్న పాలస్తీనా ఊసు ఎత్తకూడదన్నది బ్రిటన్ పట్టు. ఈ రెండూ పక్కన పెట్టాక ఇంక మాట్లాడుకోవడానికి మిగిలిందేమిటి? ఒక్కొక్కరూ లేచి సానుభూతి చెప్పారు. ఫ్రాన్స్ ఇక నిండిపోయామంది. ఆస్ట్రేలియా ప్రతినిధి థామస్ వైట్, మా దేశంలో జాతి సమస్య లేదు, దాన్ని దిగుమతి చేసుకునే కోరికా లేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. సభలో నాకు నిజాయితీగా అనిపించే మాట అదొక్కటే, వినడానికి ఎంత చేదుగా ఉన్నా.

లక్ష మంది దాకా తీసుకుంటామని ముందుకొచ్చింది డొమినికన్ రిపబ్లిక్. మెచ్చుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. అక్కడి నియంత ట్రుహీయో అంతకు ముందు ఏడాదే, 1937లో, వేలమంది హైతీయులను ఊచకోత కోయించాడు. పేరు బాగుచేసుకోవాలి, దేశంలో తెల్ల జనాభా పెంచుకోవాలి. అదీ లెక్క. చివరికి సోసువా అనే చోట వలస ఏర్పడింది గానీ, చేరింది వందల్లోనే. అయితే వెళ్లిన ఆ కొన్ని వందల మంది బతికారు.

పుస్తకాల్లో తక్కువగా కనిపించే కారణం ఇంకోటి ఉంది. అందరి భయమూ జర్మనీ యూదుల గురించే కాదు. పోలండ్‌లో యూదులు 30 లక్షలకు పైగా ఉన్నారు. అక్కడి ప్రభుత్వం, రుమేనియా ప్రభుత్వం కూడా వాళ్లను వదిలించుకోవాలనే చూస్తున్నాయి. జర్మనీ గెంటిన వాళ్లను ప్రపంచం తీసుకుంటే, గెంటడం మంచి మార్గమేనని మిగతావాళ్లూ మొదలుపెడతారని దౌత్యవేత్తల వాదన. ఆ వాదన పూర్తిగా బూటకమని నేననను. 1938 మార్చిలో పోలండ్ విదేశాల్లో ఉంటున్న తన పౌరుల పౌరసత్వం రద్దుచేసే చట్టం తెచ్చింది. అది అమల్లోకి రాకముందే జర్మనీ అక్టోబరులో 17 వేల మంది పోలిష్ యూదులను రాత్రికి రాత్రి సరిహద్దు దగ్గర దించేసింది. రెండు దేశాలూ వద్దనడంతో ఝ్‌బోన్షిన్ అనే ఊళ్లో వేలమంది నెలల తరబడి ఇరుక్కున్నారు.

జనాభిప్రాయం సంగతీ చూడాలి. అమెరికాలో అప్పుడు కోటి మంది దాకా నిరుద్యోగులు. 1938 నవంబరు హింస తర్వాత చేసిన గ్యాలప్ పోల్‌లో (ప్రజాభిప్రాయ సేకరణలో), నాజీలు చేసింది తప్పని 94 శాతం చెప్పారు. ఇంకా ఎక్కువ మంది యూదులను రానివ్వాలా అంటే 70 శాతానికి పైగా వద్దన్నారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాయండి, వివరణ అక్కర్లేదు.

సెయింట్ లూయిస్ ఓడ కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా ముగిస్తాను. 1939 మే 13న 937 మందితో, దాదాపు అందరూ యూదులే, హాంబర్గ్ నుంచి బయల్దేరింది. చాలామంది అమెరికా క్యూలో పేరున్నవాళ్లే, నంబరు వచ్చేదాకా క్యూబాలో ఉందామనుకున్నారు. హవానాలో 28 మందిని మాత్రమే దిగనిచ్చారు. ఫ్లోరిడా తీరం దగ్గర తిరిగినా, వెయిటింగ్ లిస్టులో మీ వంతు వచ్చేదాకా ఆగాలన్నది అమెరికా సమాధానం. కెప్టెన్ గుస్తావ్ ష్రోడర్ వాళ్లను జర్మనీకి తీసుకెళ్లకుండా ఆంట్వెర్ప్ చేర్చాడు. బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ పంచుకున్నాయి. బ్రిటన్ వెళ్లిన 288 మందిలో దాదాపు అందరూ బతికారు. మిగతా మూడు దేశాలను జర్మనీ 1940లో ఆక్రమించింది. మొత్తం మీద 254 మంది హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు సాగించిన యూదుల సామూహిక సంహారంలో, చనిపోయారు. ఓడను జర్మనీకే తిప్పి పంపారని, అందరూ చనిపోయారని రాయకండి. ఈ తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను.

ఇక మన దేశం. అప్పుడు వీసా ఇచ్చేది బ్రిటిష్ ప్రభుత్వం, మన చేతిలో ఏమీ లేదు. ఇక్కడ ఉద్యోగమో, పూచీ ఉండే మనిషో చూపిస్తేనే రానిచ్చేవాళ్లు. బొంబాయిలో 1934లో ఏర్పడిన జ్యూయిష్ రిలీఫ్ అసోసియేషన్ ఆ పూచీ పనిచూసేది. కాంగ్రెస్‌లో నెహ్రూ ఒక్కరే దీన్ని పట్టుకుని తిరిగారనొచ్చు. యూదు డాక్టర్లు, సాంకేతిక నిపుణులు వస్తే దేశానికే లాభమన్నది ఆయన వాదన. సుభాస్ చంద్రబోస్‌కు అది రుచించలేదు. 1939 మార్చిలో నెహ్రూకు రాసిన పెద్ద ఉత్తరంలో, ఇండియాను యూదుల ఆశ్రయంగా మార్చే తీర్మానం మీరు తెచ్చినప్పుడు నివ్వెరపోయానని ఎత్తిపొడిచారు. గాంధీ 1938 నవంబరు 26 హరిజన్‌లో యూదులకు సత్యాగ్రహం సూచించారు. నాకు గాంధీ మీద గౌరవం ఉన్నా, ఆ వ్యాసం క్లాసులో చదివినప్పుడల్లా ఇబ్బందిగానే ఉంటుంది. యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ దానికి రాసిన జవాబు కూడా పక్కన పెట్టుకుని చదవండి. ఇక్కడి డాక్టర్లు కూడా బ్రిటన్ డాక్టర్ల లాగే విదేశీ వైద్యులు పోటీకొస్తారని అభ్యంతరం చెప్పారు.

బెంగుళూరులో జరిగింది చూడండి. 1935లో సి.వి. రామన్ పిలుపు మీద మాక్స్ బోర్న్ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చారు. జర్మనీలోని గోటింగెన్ యూనివర్సిటీలో నాజీలు ఉద్యోగం ఊడగొట్టిన భౌతిక శాస్త్రవేత్త. శాశ్వత ప్రొఫెసర్ పదవి ఇద్దామని రామన్ ప్రతిపాదిస్తే, సభలో ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్ లేచి, సొంత దేశం తరిమేసిన రెండో రకం విదేశీయుడు మనకెందుకన్నాడు. బోర్న్ ఆ సభలోనే కూర్చుని ఉన్నారు. ఇంటికెళ్లి ఏడ్చానని తర్వాత ఆయనే రాసుకున్నారు. కొన్ని నెలలకే వెళ్లిపోయారు, 1954లో నోబెల్ వచ్చింది.

వచ్చి నిలిచినవాళ్లూ ఉన్నారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం పొద్దున్నే మొదలయ్యేటప్పుడు వినపడే ఆ ట్యూన్, 1934లో ప్రాగ్ నుంచి బొంబాయి వచ్చిన వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిందేనంటారు. 1939లో మైసూరు సంస్థానంలో ఆర్కిటెక్ట్‌గా చేరిన ఓటో కూనిగ్స్‌బెర్గర్ తర్వాత భువనేశ్వర్‌కు ప్లాన్ గీశారు. 1939 సెప్టెంబరులో యుద్ధం రాగానే జర్మన్ పాస్‌పోర్టు ఉన్న యూదులను కూడా "శత్రు దేశస్తులు" అని ఇక్కడ పట్టుకుని క్యాంపుల్లో పెట్టారు. విచారించి చాలామందిని తర్వాత వదిలారు.

హైదరాబాద్‌కు దగ్గరి సంబంధం ఉన్నది ముహమ్మద్ అసద్ కథ. యూదు కుటుంబంలో లియోపోల్డ్ వైస్‌గా పుట్టి, 1926లో ఇస్లాం తీసుకున్నవాడు. శరణార్థిగా రాలేదు. 1937, 38ల్లో హైదరాబాద్ నుంచి వచ్చే ఇస్లామిక్ కల్చర్ పత్రికకు సంపాదకుడు. వియన్నాలో ఉన్న తనవాళ్లను బయటికి తేవడానికి ప్రయత్నిస్తుండగానే యుద్ధం వచ్చింది, ఆయన్నే క్యాంపులో వేశారు, 1945 దాకా వదల్లేదు. తండ్రి, సోదరి నాజీల చేతుల్లో పోయారు.

మెయిన్స్ కోసం ఒక్క జాగ్రత్త. "యూదులను చంపేస్తారని తెలిసీ ప్రపంచం వదిలేసింది" అని 1938 గురించి రాయకండి. అప్పటికి నాజీల విధానం తరిమెయ్యడం. సామూహిక హత్యలు 1941లో మొదలయ్యాయి. ఫ్రాన్స్‌కో, ఆమ్‌స్టర్‌డామ్‌కో వెళ్లినవాళ్లు బతికిపోయామనే అనుకున్నారు. 1938లో ప్రభుత్వాలకు తెలిసింది ఇంతే: ఉద్యోగాలు పోయాయి, ఆస్తులు పోయాయి, శిబిరాలున్నాయి, ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. ఆ తెలిసిన దానికి వాళ్లు చేసింది సరిపోయిందా లేదా అన్నదే మీ వ్యాసంలో తేల్చాల్సింది. ఆఖరి పేరాలో 1951 శరణార్థుల ఒప్పందం తప్పకుండా రాయండి. హింస ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న సూత్రం అందులో 33వ అధికరణం. ఇండియా దాని మీద ఇప్పటికీ సంతకం చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదన్నది వేరే ప్రశ్నగా అడగండి, దానికీ ఇంత రాయాలి.